తారు రోడ్డు మీద కళ్ళం

గత డిసెంబరు రెండో వారంలో ఆఫీసుకు మూడు రోజులు సెలవు పెట్టి, చోడవరం దగ్గరి మా ఊళ్ళో తారు రోడ్డు అంచున ధాన్యం ఆరబోసుకుని కాపలా కూర్చున్నాను. పొద్దున్న ఎనిమిదింటికి మంచు విడిచాక బరకాలు తీయడం, గంటకోసారి కాళ్ళతో గింజలను చాళ్ళు చాళ్ళుగా తిరగేయడం, లారీ చక్రం మీదకు ఎక్కకుండా అంచున పేర్చిన రాళ్ళను సరిచూసుకోవడం, సాయంత్రం నాలుగున్నర దాటకముందే మళ్ళీ కుప్ప చేసి కప్పేయడం, ఇదీ పని. ఆదివారం మా అబ్బాయి కూడా వచ్చాడు. చెప్పులు విడిచి ధాన్యంలో నడవడం పది నిమిషాలు సరదాగానే ఉంది వాడికి. ఆ తరువాత నూగు పట్టి పిక్కలు దురద పెట్టడంతో వెళ్ళి కారులో కూర్చున్నాడు. వాణ్ణి తప్పు పట్టను, ఎందుకంటే రెండో రోజుకి నా పిక్కలూ అలాగే ఉన్నాయి.

ఇదంతా దేనికంటే, కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. మొదటి రోజు రైతు సేవా కేంద్రంలో గుప్పెడు గింజలు మిషనులో పోసి చూస్తే 21 చూపించింది. రెండో రోజు పద్దెనిమిదిన్నర. మూడో రోజు మధ్యాహ్నానికి 17 లోపుకు దిగింది. ఆ మూడు రోజులూ నాన్న ఆకాశం వంక చూస్తూ కూర్చుని, చివరికి నవ్వుతూ అన్నమాట ఇది: "ఏట్రా, వడ్లు ఎండడానిక్కూడా సెలవు పెట్టాలా? మా అయ్య కాలంలో ఆరబోత అనే పనే లేదు."

ఆ మాట నిజమే. తాత కాలంలో చేను కొడవలితో కోసి, పనలు పొలంలోనే పరిచి, నాలుగైదు రోజులు ఎండనిచ్చి, కట్టలు కట్టి కుప్ప వేసేవారు. కుప్పలో మరికొన్నాళ్ళు ఆరేది. నూర్పులు తీరుబడిగా సంక్రాంతికి అటూ ఇటూ జరిగేవి. గింజ కళ్ళంలోకి వచ్చేసరికే గలగలలాడుతూ ఉండేది కాబట్టి తేమ ఎంత అన్న ప్రశ్నే పుట్టలేదు. ఇప్పుడు చైను చక్రాల కోత మిషను ఉదయం పచ్చి చేనులో దిగితే మధ్యాహ్నానికి ట్రాక్టరు నిండా ధాన్యం పోస్తుంది. నెల రోజుల పని గంటకు దిగింది గానీ, ఆ నెలలో ఊరికే జరిగిపోయే ఎండుదల మాత్రం గంటలోకి దిగలేదు. అది రోడ్డు మీదకు వచ్చి పడింది.

మరి మిషను మానేసి పాత పద్ధతిలో కోయవచ్చు కదా అని నగరంలో మిత్రులు అడుగుతారు. కోయడానికి మనుషులు లేరు. ఉన్నా, కుప్ప వేసి సంక్రాంతి దాకా ఆగే వీలు లేదు. ఈ రెండో కారణం గురించే ఈ టపా.

తాతకు ఏడెకరాలు ఉండేవి. ఇంట్లో ఒక గాదె ఉండేది. విత్తనం గాదెలోంచి వచ్చేది, గెత్తం పశువుల సాలలోంచి వచ్చేది, దుక్కి కాడెద్దులు చేసేవి, ఉభాలకు, అంటే నాట్లకు, వచ్చిన ఆడవాళ్ళకు కూలి కుంచాలతో కొలిచి ధాన్యమే ఇచ్చేవారు. బయటివాడికి రొక్కం ఇవ్వవలసిన సందర్భం శిస్తు, పెళ్ళి, జబ్బు వంటివి తప్ప పెద్దగా ఉండేది కాదు. పంట వచ్చినా వెంటనే అమ్మవలసిన తొందర లేదు. ధర నచ్చితే అమ్మేవాడు, లేకపోతే గాదె మూత వేసేవాడు. దీన్ని బంగారు కాలం అనడం లేదు. ఆ ఇంట్లో ఏడాదికింత అని కుదుర్చుకున్న పాలికాపు ఒకాయన ఉండేవాడట. అతను చేసిన అప్పు ఏ ఏటికాయేడు మళ్ళీ పనిలోకే తిరిగి వచ్చేదట. తాత గాదె ముందు నిలబడి ధర కోసం ఆగగలిగాడంటే, ఆ ఆగడం వెనక ఆగలేని ఇంకొక మనిషి ఉన్నాడని మరిచిపోకూడదు.

నాన్న వంతుకు మూడున్నర ఎకరాలు వచ్చాయి. ఇది చిన్నదేమీ కాదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టార్లు, అంటే రెండెకరాల మీద ముప్ఫై సెంట్లు. మా పొలానికి నీళ్ళు రైవాడ కాలువ నుంచి వస్తాయి. అదే రైవాడ నీళ్ళు విశాఖ నగరానికీ వస్తాయి కాబట్టి, ఎండలు ముదిరిన ఏడాది గోపాలపట్నంలో మా ఇంటి కుళాయి తిప్పినప్పుడల్లా మా కాలువ వాటానే తాగుతున్నానేమో అనిపిస్తుంది.

నేను లెక్కల విభాగంలో పనిచేసేవాణ్ణి కాబట్టి నాన్న నోటు పుస్తకాలను నాకంటే శ్రద్ధగా చదివేవాళ్ళు ఉండరు. 2005 నుంచి ఏడాదికొకటి చొప్పున అట్టపెట్టెలో ఉన్నాయి. మొదటి పుస్తకంలో ఉభాలకు వచ్చిన ఆడమనిషి కూలి 45 రూపాయలు. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 570. కిందటి ఖరీఫ్ పుస్తకంలో కూలి 450, మద్దతు ధర 2,369. అంటే ఆనాడు క్వింటాలు ధాన్యం పన్నెండు మంది కూలికి సరిపోయేది, ఈనాడు ఐదుగురికి సరిపోతుంది. కూలి పెరగడమే తప్పు అన్నట్టు ఊళ్ళో రైతులు మాట్లాడుతుంటారు. నాకా మాట గిట్టదు. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైనప్పటి నుంచి కూలికి అంతకన్నా కిందికి దిగలేని ఒక మట్టం ఏర్పడింది. ఆ తరువాత పరవాడ, అచ్యుతాపురం కంపెనీల ఆటోలు తెల్లవారుజామునే ఊళ్ళోకి రావడం మొదలుపెట్టాయి. నడుం వంచి రోజంతా బురదలో నాట్లు వేసే మనిషికి 45 రూపాయలు ఇచ్చి పండించిన బియ్యం చవకగా ఉండడంలో వింత లేదు. ఆ చవక ఆమె కంచంలోంచి తీసింది.

చిత్రం ఏమిటంటే అందరూ తిట్టుకునే యూరియా ధర మాత్రం దాదాపు కదలలేదు. ఇరవై ఏళ్ళ కిందట 50 కిలోల బస్తా 250 లోపు ఉండేది. ఇప్పుడు బస్తా 45 కిలోలకు తగ్గి 266 రూపాయల 50 పైసలు అయింది. ధర కదలలేదు గాని సరుకు దొరకడమే కదిలింది. కిందటి ఆగస్టులో యూరియా కొరత వచ్చినప్పుడు నాన్న తెల్లవారుజామున ఐదింటికి ఆధార్ కార్డు, పాసు పుస్తకం పట్టుకుని వెళితే అప్పటికే దుకాణం ముందు ముప్ఫై జతల చెప్పులు వరుసలో ఉన్నాయట. మనుషులు చెట్టు కింద కూర్చుని, తమ స్థానంలో చెప్పులు నిలబెట్టారు. పదకొండింటికి నాన్న చెప్పుల వంతు వచ్చింది. రెండు బస్తాలతో పాటు, అడగని జింకు పొట్లం ఒకటి అంటగట్టి దాని ధర కూడా వసూలు చేశారు. డీఏపీ బస్తా 1,350. అదీ అంతే, రాయితీ వల్ల అక్కడ ఆగింది.

అసలు బరువు పెరిగింది కిరాయిల దగ్గర. తాత ఎద్దులకు పెట్టిన గడ్డికి ఎవరూ బిల్లు వేయలేదు. ఈ రోజు దుక్కికి, మడిలో బురద కలిపే దమ్ముకు ట్రాక్టరు, కోతకు మిషను, మోతకు బండి, ప్రతిదీ గంటల లెక్క. పైగా కిందటి అక్టోబరు 28న మొంథా తుపాను వచ్చినప్పుడు మా చేను పాలు పోసుకునే దశలో సగం పడిపోయింది. నిలబడిన చేనును గంటలో కోసే మిషను పడిన చేనుకు రెండు గంటలు తీసుకుంటుంది. నష్టం రెండుసార్లు, గింజ తగ్గినందుకు ఒకసారి, ఆ తగ్గిన గింజను ఏరుకోవడానికి ఎక్కువ గంటలు కట్టినందుకు మరోసారి.

మొత్తం కూడితే కిందటి ఖరీఫ్‌లో ఎకరానికి మదుపు 30,500 రూపాయలు అయింది. అందులో పెద్ద ముద్దలు మూడు: ఆకు తీతకు (అంటే నారు పీకడానికి), ఉభాలకు కలిపి 6,500, దుక్కికీ దమ్ముకూ 5,500, కోత మిషనుకు 4,500. పండింది ఎకరానికి ఇరవై బస్తాలు. మా వైపు బస్తా అంటే 80 కిలోలు కాబట్టి పదహారు క్వింటాళ్ళు. పూర్తి మద్దతు ధర వచ్చిందనుకున్నా 37,904. మిగులు 7,404. జూన్‌లో విత్తనాలు నానబెట్టిన దగ్గర నుంచి డిసెంబరులో బరకాలు మడతపెట్టే దాకా ఆరు నెలలకు, ఎకరానికి, అంత. ఇందులో నాన్న కూలి లేదు, నా మూడు రోజుల సెలవు లేదు, భూమికి అద్దె లేదు, పెట్టుబడికి వడ్డీ లేదు. క్వింటాలుకు మా ఖర్చు 1,906 తేలింది. 2025-26 మద్దతు ధర నిర్ణయించేటప్పుడు కేంద్రం దేశం మొత్తానికి వేసుకున్న సాగు ఖర్చు క్వింటాలుకు 1,579. దాని మీద సగం కలిపితే 2,369 వస్తుంది. ఆ 1,579లో ఇంటివాళ్ళ కూలి ఉంది గాని సొంత భూమికి అద్దె, సొంత స్థిర పెట్టుబడికి వడ్డీ లేవు. ఈ ఖర్చు లెక్క వేసే కేంద్ర వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ లెక్కలు తప్పని చెప్పడానికి నా దగ్గర ఒక పొలం లెక్క తప్ప ఏమీ లేదు. అయితే దేశపు సగటు రైతు ఎవరో గాని, అతను మా రోడ్డు మీద వడ్లు ఆరబోయలేదని మాత్రం చెప్పగలను.

ఇక అప్పు. ఈ మదుపంతా జూన్ నుంచి అక్టోబరు లోపు రొక్కంగా బయటికి పోతుంది, డిసెంబరులో గాని తిరిగి రాదు. తాతకూ నాన్నకూ తేడా అలవాట్లలో లేదు, ఈ క్యాలెండరులో ఉంది. బ్యాంకు పంట రుణం ఏడు శాతం వడ్డీకి ఇస్తుంది, గడువులోగా కట్టినవారికి మూడు శాతం తగ్గి నాలుగే పడుతుంది. వినడానికి ఇంతకన్నా మేలైన అప్పు లేదు. కాని ఆ నాలుగు శాతం దక్కాలంటే ఏడాది తిరిగేలోపు అసలు, వడ్డీ ఒక్కసారి కట్టి, మళ్ళీ తీసుకోవాలి. జూన్‌లో లక్షా నలభై వేలు మా ఇంట్లో ఎక్కడుంటాయి? అందుకని ఊళ్ళో ఒకాయన దగ్గర పది రోజులకు చేబదులు తీసుకుని, నూటికి మూడు రూపాయల చొప్పున వడ్డీ ముందే ఇచ్చి, ఆ డబ్బు బ్యాంకులో కట్టి, నాలుగో రోజు కొత్త రుణం తీసి ఆయనకు ఇచ్చేస్తాం. దీన్ని మా ఊళ్ళో పుస్తకం తిరగరాయడం అంటారు. బ్యాంకు రికార్డులో నాన్న పన్నెండేళ్ళుగా ఒక్క రోజు ఆలస్యం చేయని రైతు. నిజానికి ఆ పన్నెండేళ్ళలో అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు.

దాని పక్కన ఎరువుల దుకాణం అరువు ఉంటుంది. దానికి వడ్డీ అని పేరు లేదు, ధరలోనే కలిసి ఉంటుంది. చాలాచోట్ల ఎరువు అరువిచ్చినవాడే ధాన్యం కూడా కొంటాడు, కోత మిషను చేనులో ఉండగానే ఫోను చేస్తాడు. ఇరవై ఒక్క శాతం తేమ ఉన్నా తనకు పరవాలేదంటాడు, బస్తాకు రెండు మూడు కిలోలు తరుగు తీస్తాడు, ధర తనే చెబుతాడు. ప్రభుత్వ కొనుగోలులో డబ్బు ఖాతాలో పడడం ఈమధ్య త్వరగానే జరుగుతోంది, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా రోడ్డు మీద మూడు రోజులు ఆగగలిగినవాడికే ఆ ధర. మేము ఆగగలిగాం, ఎందుకంటే నాకు సెలవు దొరికింది, ఆ నెల మా దుకాణం బాకీ నా జీతంలోంచి కట్టేశాను. పక్క చేను వాళ్ళు ఆగలేక పచ్చి ధాన్యమే తోలేశారు.

మా ఇల్లే సరిగ్గా నడవడం లేదని చాలాకాలం అనుకున్నాను. జాతీయ నమూనా సర్వే 2018-19లో రైతు కుటుంబాల పరిస్థితి మీద చేసిన లెక్కలు చూశాక ఆ అభిప్రాయం పోయింది. దేశంలో రైతు కుటుంబం సగటు అప్పు 74,121 రూపాయలైతే, ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554. అన్ని రాష్ట్రాల్లోకీ ఎక్కువ. మన రాష్ట్రంలో నూటికి 93 రైతు కుటుంబాలు అప్పులో ఉన్నాయి. అంతమంది ఒకేసారి దుబారా మనుషులు కాలేరు.

నా జీతం సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. నాన్న పుస్తకాల్లో వెనక పేజీలు అప్పులవి. బ్యాంకు, దుకాణం, చేబదుళ్ళు, అమ్మ గొలుసు మీద తెచ్చినది, అన్నీ వరుసగా ఉంటాయి. 2016 పుస్తకంలో ఆ వరుస చివర "బాబు" అని కనబడింది. ఎదురుగా 15,000. తరువాతి ఏడాది 20,000. 2020లో 35,000. నేను సాయం అనుకుని ఇచ్చిన ప్రతి మొత్తమూ తేదీతో సహా అక్కడ ఉంది, వడ్డీ గడిలో చిన్న అడ్డగీతతో. ఇదేమిటని అడిగితే, "నువ్వు ఉద్దోగం చేసి తెచ్చిన డబ్బు పొలంలో పెట్టానా లేదా? మరి అప్పు కాక ఏటి?" అన్నాడు. ఆ రోజు నాకు కోపం వచ్చింది. తరువాత ఆలోచిస్తే ఆయన పద్దే సరైనదనిపించింది. మా పొలానికి ఇప్పుడు అందరికన్నా పెద్ద రుణదాతను నేనే. నా జీతం ఆగితే మా సాగు ఆగుతుంది. మా ఊళ్ళో ఇంకా వరి వేస్తున్న సొంత రైతుల ఇళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టి చూశాను. ఎక్కువ ఇళ్ళలో విశాఖలోనో హైదరాబాదులోనో ఒక జీతం ఉంది. లేని ఇళ్ళు పొలం కౌలుకిచ్చాయి, లేదా చెట్లు వేశాయి.

చెట్లంటే మా చిన్నాన్న వాటా సంగతే. ఆయన పోయాక ఆయన కొడుకు, నాకు తమ్ముడు, బెంగళూరు నుంచి వచ్చి మూడున్నర ఎకరాల పల్లంలో సరుగుడు వేసి వెళ్ళాడు. నాలుగైదేళ్ళకు ఒకసారి వచ్చి నరికించుకుంటే చాలు, మధ్యలో ఉభాలు లేవు, యూరియా క్యూ లేదు. దాని నీడ మా గట్టు దాటి రెండు మడుల మీద పడుతుంది, అక్కడ వరి పిలకలు పలచగా వస్తాయి. అతను తప్పు చేశాడని అనలేను. సబ్బవరం వైపు లేఅవుట్లు పడిన పొలాల కన్నా అది నయమే. పైగా పొలం నా పేరున మార్పించమని నేనూ నాన్నను అడగలేదు. ఆదాయపు పన్ను కట్టేవాణ్ణి కాబట్టి పేరు మారిన రోజున పీఎం కిసాన్ ఆరు వేలు ఆగిపోతాయి. ఆ కారణంగానే చాలా పాసు పుస్తకాల మీద ఇంకా డెబ్భై ఏళ్ళవాళ్ళే రైతులుగా ఉన్నారు.

నాన్న మోకాళ్ళు పనిచేయడం మానేశాక, 2023 నుంచి రెండెకరాలు ఊళ్ళోనే ఒకతనికి ఎకరానికి ఐదు బస్తాల కౌలుకు ఇచ్చాం. నాన్నను మావా అని పిలుస్తాడు. సొంత భూమి లేదు, చేయి తిరిగిన రైతు. పై లెక్కే అతనికి వేస్తే, ఐదు బస్తాలు అంటే 9,476 రూపాయలు తీసేయాలి కాబట్టి ఎకరానికి రెండు వేలకు పైగా నష్టం. అతనూ భార్యా కలిసి చేసిన పనికి కూలి కట్టుకోరు గనుక అది నష్టంలా కనబడదు, అంతే. కిందటి జూన్‌లో అతను, కౌలు రైతు బ్యాంకు రుణం అడగడానికి పనికొచ్చే పంట సాగుదారు హక్కు కార్డు కోసం నాన్న సంతకం అడిగాడు. 2019 చట్టం ప్రకారం ఆ పత్రం పదకొండు నెలలకే, భూమి హక్కుకు దానితో సంబంధం లేదు. నాన్న నాకు ఫోను చేశాడు. ఆఫీసులో ఎవరో చెప్పిన మాటలు బుర్రలో ఉండి, కాగితం ఏమీ చదవకుండానే, "ఎందుకొచ్చిన గొడవ, వద్దులే నాన్నా" అన్నాను. అతను మళ్ళీ అడగలేదు. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట అరవై వేలు తెచ్చుకున్నాడు. ధాన్యం కూడా నాన్న పేరునే అమ్మాడు, డబ్బు నాన్న ఖాతాలో పడితే కౌలు మినహాయించుకుని మిగతాది చేతికిచ్చాం.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ అరవై వేలకు ఏడు నెలల వడ్డీ వేసి చూశాను. 12,600. అదే బ్యాంకులో నాలుగు శాతానికైతే 1,400. ఫోనులో నేనన్న ఆ ఒక్క మాట ఖరీదు 11,200 రూపాయలు, అతను మాకు రెండెకరాలకు ఇచ్చిన కౌలులో సగానికి పైన. ఈసారి సంతకం పెట్టేద్దాం అని నాన్నతో అన్నాను. ఆయన పాసు పుస్తకం తీసి చూపించాడు. మా పంట రుణం మూడున్నర ఎకరాల మీదా ఉంది, కౌలుకిచ్చిన ఆ రెండెకరాలతో కలిపి. ఒకే సర్వే నంబరు మీద బ్యాంకు రెండోసారి పంట రుణం ఇవ్వదు. అంటే మేము సాగు చేయని నేల మీద నాలుగు శాతం అప్పు మాది, ఆ నేలను సాగు చేసేవాడికి ముప్ఫై ఆరు శాతం అప్పు. కార్డు వచ్చినా మా రుణం అక్కడ ఉన్నంతకాలం అతనికి దారి లేదు.

రెండెకరాల వాటా ఎనభై వేలు జూన్‌లో నేను కట్టేస్తాను, ఈసారి తిరగరాయడం మూడున్నరకు కాకుండా ఒకటిన్నరకే చేద్దాం అన్నాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కొత్త ఏడాది పుస్తకం తీసి, వెనక పేజీలో గీతలు గీసుకుని, బ్యాంకు, దుకాణం, చేబదుళ్ళు అని పేర్లు రాసుకుంటూ వచ్చి, కలం ఎత్తి అడిగాడు: "ఈ ఎనభై వేలూ ఎవరి అప్పని రాయమంటావురా, నాదనా, వాడిదనా?"

జూన్‌లో చూద్దాంలే అన్నాను. ఆయన ఆ గడి ఖాళీగా వదిలి పుస్తకం మూశాడు.